అకర్మాన్ గదిలో అక్లీ

ట్యునీషియాలో మహ్దియా ఊరి చివర, సముద్రానికి ఆనుకుని ఉన్న హైస్కూలు హాస్టల్లో ప్రతి వేసవీ అరబ్బీ బడి పెడతారు. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో వచ్చి అక్కడే తిని, అక్కడే పడుకుని, పొద్దున పాఠాలు చదువుకుంటారు. పాఠాలయ్యాక వాళ్ళను ఊరు తిప్పాలి, ఆటలాడించాలి, వంట నేర్పించాలి, పడవెక్కించాలి, వారం చివర నాటకం వేయించాలి. ఇదంతా చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ ఏడు ఆ మనిషి రఫ్లా.

అంతకుముందు ఆ పని చేసిన అమ్మాయి పెళ్ళి చేసుకుని మానేసింది. రఫ్లా వాలీబాల్ బాగా ఆడుతుందని, ఊళ్ళో నలుగురికీ తెలిసిన పిల్ల అని తీసుకున్నారు. తీసుకునేటప్పుడు డైరెక్టరు సీ లమ్జద్ ఒకే షరతు పెట్టాడు. గేటు లోపల గ్రాంథిక అరబ్బీ తప్ప ఇంకో మాట వినపడకూడదు. రఫ్లా తలూపింది. ఇంటికెళ్ళి ఆలోచిస్తే, ఆ భాష తాను ఆఖరుసారి మాట్లాడింది స్కూలు ఫైనలు పరీక్షలో అని గుర్తొచ్చింది. వార్తలు చదివేవాళ్ళూ, మసీదులో ఇమామూ తప్ప ఊళ్ళో ఎవరు మాట్లాడతారు దాన్ని? తగాదా పడాలన్నా, కూరగాయలు బేరమాడాలన్నా అందులో మాట రాదు.

ఆదివారం జనం దిగారు. ఒకరి పెట్టె రాలేదు, ఒకరికి దుప్పటి చాలలేదు, ఒకరికి కడుపులో వికారం. రఫ్లా గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళను పేరడిగి గది తాళం చేతిలో పెడుతోంది. ఆ సందట్లో టాక్సీ దిగి, తోలు పెట్టె పట్టుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కాతో ఒక పెద్దాయన వచ్చాడు.

"ఆర్యా, తమ నామధేయమేమి?" అంది రఫ్లా, రాత్రంతా వల్లె వేసుకున్న మాట.

ఆయన కంగారుగా అటూ ఇటూ చూశాడు. "అక్లీ అమ్రాన్," అన్నాడు గబగబా.

రఫ్లా చెవికి అది 'అకర్మాన్' అని వినపడింది. జర్మనీ నుంచి రావలసిన అకర్మాన్ ఇంకా రాలేదు కదా అని చూస్తూనే ఉంది. "స్వాగతము, స్వాగతము," అని తాళం, తువ్వాలు చేతిలో పెట్టి, మేడ మీద చివరి గది చూపించింది.

సాయంత్రం అందరికీ ఒక పరీక్ష పెట్టారు, ఎవరు ఏ తరగతిలో కూర్చోవాలో తేల్చడానికి. పెద్దాయన కాగితం మీద పేరు మాత్రం ఎవరూ చదవలేని గొలుసుకట్టు ఫ్రెంచి అక్షరాల్లో రాసి, చేతులు కట్టుకు కూర్చున్నాడు. మాస్టారు నౌఫల్ ఆయన్ని మొదటి తరగతిలో వేశాడు.

సోమవారం పొద్దున పాఠంలో, మీది ఏ ఊరు అని అడిగితే ఆయన తిజీ ఉజూ అన్నాడు. అది అల్జీరియాలో, కబైల్ కొండల్లో ఉంది. విరామంలో నౌఫల్ రఫ్లా దగ్గరకొచ్చి, గేటు వైపు చూసి, గొంతు తగ్గించి, ఊళ్ళో అందరూ మాట్లాడే మామూలు భాషలో అన్నాడు. "నీ జర్మనీ ఆయన కబైల్ మనిషిట."

"అకర్మాన్ అని పేరు పెట్టుకున్నాడు మరి?"

"ఎప్పుడో జర్మనీ వెళ్ళిపోయి పేరు మార్చుకుని ఉంటాడు. వాళ్ళింట్లో కబైల్ భాష, చదివింది ఫ్రెంచి బళ్ళో, అరబ్బీ ఎక్కణ్ణించి వస్తుంది? ఇప్పుడు ముసలితనంలో నేర్చుకుందామని బుద్ధి పుట్టింది కాబోలు. మంచిదేగా."

మంచిదే అనుకుంది రఫ్లా. ఆ మధ్యాహ్నం అందరినీ పాత ఊరి కోటద్వారం గుండా తీసుకెళ్ళి, పట్టు నేసే మగ్గాలు చూపించింది. విద్యార్థులు నేతగాణ్ణి గ్రాంథికంలో ఏవేవో అడిగారు. అతను వాళ్ళ వంక చూసి రఫ్లాతో, "ఏమమ్మా, వీళ్ళు ఖురాను చదువుతున్నారా, నన్నేమన్నా అడుగుతున్నారా?" అన్నాడు. పెద్దాయన మాత్రం మాట్లాడకుండా మగ్గం కిందికి వంగి, ఏది దేన్ని లాగుతుందో చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. బస్సు డిపోలో మెకానిక్కుగా బతికినవాడట.

మంగళవారం వంట. వంటావిడ జొహ్రాను అందరూ ఖాల్తీ, అంటే పిన్ని, అని పిలుస్తారు, అరవై దాటాయి. గ్రాంథికం ఒక్క ముక్క రాదు, నేర్చుకోమన్నా నేర్చుకోదు. చుట్టూ విదేశీయుల్ని నిలబెట్టుకుని, బల్ల మీది వెండి చేపల్ని చూపించి, "ఇవాళ హూత్ వండుకుందాం పిల్లలూ," అంది.

ఆ ఊళ్ళో హూత్ అంటే చేప. గ్రాంథికంలో తిమింగలం. పోలండు పిల్ల బొగ్నా ముఖం పాలిపోయింది.

"అమ్మా, క్షమింపుడు. తిమింగలమును నేను భుజింపజాలను. అవి అంతరించుచున్నవి," అంది.

"ఏమంటోంది ఈ పిల్ల?" అంది ఖాల్తీ జొహ్రా.

రఫ్లాకు ఏ భాషలో ఎవరికి ఏం చెప్పాలో తోచలేదు. గ్రాంథికంలో చేపనేమంటారు? నోటి చివరే ఉంది, రావడం లేదు. ఈలోగా పెద్దాయన ముందుకొచ్చి, ఒక చేపను తోక పట్టుకుని పైకెత్తి బొగ్నాకు చూపించి, మామూలు భాషలో తేలిగ్గా అన్నాడు. "ఇది తిమింగలమైతే పిల్లదై ఉంటుందమ్మా. తిను, ఏం కాదు."

బొగ్నాకు మాటలు అర్థం కాకపోయినా నవ్వొచ్చింది. ఖాల్తీ జొహ్రా రఫ్లాను మోచేత్తో పొడిచింది. "మీ జర్మనీవాడు అల్జీరియా టాక్సీ డ్రైవరులాగా మాట్లాడుతున్నాడేమే?"

"కబైల్ ఆయన్లే ఖాల్తీ. జర్మనీలో స్థిరపడ్డాడు."

"జర్మనీలో స్థిరపడినవాడు ఉల్లిపాయ అలా తరుగుతాడా?" అంది ఆవిడ.

నాటకంలో కూడా ఆయనకు వేషం వచ్చింది. సంతలో గాడిదనమ్మే వర్తకుడు. గాడిద బొగ్నా. ఆయన మాటలన్నీ తప్పు పలికేవాడు, గాడిదను పట్టుకుని "ఈమె నా భార్య" అనేవాడు. తరగతంతా పొట్టలు పట్టుకునేది. వాళ్ళెందుకు నవ్వుతున్నారో ఆయన అడిగి తెలుసుకుని, తానూ నవ్వి, మళ్ళీ అదే తప్పు పలికేవాడు.

బుధవారం పడవ షికారు నుంచి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర వీపు సంచితో ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. ఎండకు ముక్కు ఎర్రబడింది.

"అమ్మా, నేను అకర్మానును. జ్వరపీడితుడనై ఆలస్యముగా వచ్చితిని," అన్నాడు, వార్తలు చదివినట్టు.

"అకర్మాన్ గారు ఆదివారమే వచ్చిరి," అంది రఫ్లా.

"నేను ఎచటికిని రాలేదు."

"మీరు కాదు. అకర్మాన్ గారు."

"అమ్మా, అకర్మానును నేనే."

రఫ్లా ఆయన ముఖం చూసింది, ఆయన పాస్‌పోర్టు చూసింది, మళ్ళీ ఆయన ముఖం చూసింది. అన్నదమ్ములా? ఒకే పేరుతో ఇద్దరా? ఏమో, చూస్తే తెలుస్తుందని మేడ మీదికి తీసుకెళ్ళి చివరి గది తలుపు తట్టింది. పెద్దాయన బనీనుతో ఉన్నాడు. ఉతికిన మేజోళ్ళు కిటికీకి ఆరేస్తున్నాడు. ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు మర్యాదగా చూసుకున్నారు.

"బాబాయ్," అంది రఫ్లా, షరతు గిరతు మర్చిపోయి మామూలు భాషలో. "ఏమీ అనుకోకండి. మీ పేరు ఇంకోసారి చెబుతారా?"

"అక్లీ. అక్లీ అమ్రాన్."

ఈసారి తిన్నగా వినపడింది.

"మరి మీరు... ఈ బడికి మిమ్మల్ని ఎవరు పంపారు?"

"బడేమిటి తల్లీ? ఇది దార్ అల్ మౌజ్ కాదూ?"

దార్ అల్ మౌజ్ అక్కడికి నాలుగు వీధుల అవతల ఉన్న అతిథిగృహం. ఈతకొలను, గొడుగులు, పడక కుర్చీలు ఉన్న చోటు.

విషయం కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. అక్లీ ఆ వసంతంలోనే ఉద్యోగం నుంచి దిగిపోయాడు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు డిపోలో పనిచేసి ఒక్కనాడూ సెలవు మీద ఊరు కదిలినవాడు కాదు. కూతురు తసాదిత్ పట్టుబట్టి ఈ ప్రయాణం కుదిర్చింది. భార్య ఆలివ్ చెట్లు వదిలి రానంది. స్టేషన్లో టాక్సీవాడితో, చోటు పేరు ఆ క్షణాన గుర్తు రాక, సముద్రం పక్కన బయటివాళ్ళు దిగే చోటికి పోనీ అన్నాడు. వాడు ఇక్కడ దింపాడు. గేటు దగ్గర అమ్మాయి నవ్వుతూ తాళం ఇచ్చింది. ఇంకేం అనుమానపడాలి?

"పొద్దున్నే తరగతిలో కూర్చోబెట్టి రాయిస్తుంటే, ఇదేమిటని అనుకోలేదా బాబాయ్?"

"అనుకున్నాను. ఇప్పటి సెలవులు ఇలా ఉంటాయి కాబోలనుకున్నాను. నాకేం తెలుసు, నేనెప్పుడు వెళ్ళాను గనక? మీ ఊళ్ళో అందరూ రేడియోలాగా మాట్లాడుతున్నారేమిటా అని మాత్రం అనుకున్నాను."

అంతలో మంచం మీద ఫోను మోగింది. తసాదిత్. అక్లీ కాసేపు కబైల్ భాషలో మాట్లాడి, ఫోను రఫ్లా చేతికిచ్చాడు. "నువ్వే చెప్పు తల్లీ. నేను చెబితే నమ్మడం లేదు."

"ఎవరమ్మా నువ్వు?" అంది అవతలి గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. "దార్ అల్ మౌజ్‌కి ఫోన్ చేస్తే మా నాన్న అక్కడికి రానే లేదన్నారు. ఆయన్ని అడిగితే ఇక్కడే ఉన్నా, మాస్టారు వచ్చారు, హోంవర్కు ఇచ్చారు, గాడిదనమ్ముతున్నా అంటాడు. ఆయనకు మతి చలించిందని నేను డాక్టరుతో కూడా మాట్లాడాను. నిజం చెప్పు, ఆయన ఎలా ఉన్నాడు?"

"ఆయన బాగున్నారక్కా. మతి తప్పింది నాకు," అంది రఫ్లా.

అన్నీ విన్నాక అటువైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో రఫ్లాకు తెలియలేదు. చివరికి తసాదిత్, "హోంవర్కు నిజంగా చేస్తున్నాడా?" అని అడిగింది.

"రోజూ చేస్తున్నారు."

"నన్ను చిన్నప్పుడు ఎంత సతాయించాడో," అని ఫోను పెట్టేసింది.

సీ లమ్జద్‌కు చెప్పక తప్పలేదు. ఆయన బల్ల వెనక కూర్చుని, మొదట, "ఇది మిక్కిలి విచారకరమైన సంగతి," అన్నాడు. తరువాత, "బాధ్యత ఎవరు వహింతురు?" అన్నాడు. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఎవరూ ఆయన నోట వినని మామూలు భాషలోకి దిగాడు. "ఏమే తల్లీ, దారిన పోయేవాణ్ణి పిలిచి పక్కేసి పడుకోబెట్టావా? రేపు ఆయనకేమన్నా అయితే నేనేం చెప్పుకోను? సాయంత్రంలోగా పంపించెయ్."

రఫ్లాను భయపెట్టింది తిట్టు కాదు, ఆ భాష.

అక్లీ పెట్టె సర్దుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు. చెవులు ఎర్రబడ్డాయి. తినకూడని చోట తిన్నానని ఖాల్తీ జొహ్రాకు నాలుగుసార్లు క్షమాపణ చెప్పుకున్నాడు. గేటు దగ్గర ఆగి, "రేపు అల్ జమ్‌లో రాతి రంగస్థలం చూపిస్తామన్నారు కదా," అన్నాడు. ప్రశ్నో కాదో రఫ్లాకు తెలియలేదు. "రేపేగా బాబాయ్," అంది. అది జవాబు కాదని అన్నాక తెలిసింది. ఆయన తలూపి, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు.

గురువారం బస్సు నిండుగానే కదిలింది. అయినా రఫ్లా మాటిమాటికీ తలలు లెక్కపెట్టింది. లెక్క సరిపోయేది, మళ్ళీ మొదలుపెట్టేది. బొగ్నా దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అల్ జమ్‌లో నీడలో కూర్చున్నప్పుడు రఫ్లా దగ్గరకొచ్చి అడిగింది. "ఆర్యురాలా, మా వృద్ధుడు ఏమి తప్పు చేసెను?"

"తప్పు ఏదియు చేయలేదు."

"మరి ఎవరు చేసిరి?"

రఫ్లా నీళ్ళ సీసా అందించింది.

వర్తకుడి వేషం అకర్మాన్‌కు ఇచ్చారు. ఆయన ఒక్క రాత్రిలో మాటలన్నీ తప్పు లేకుండా నేర్చాడు. ఎవరికీ నవ్వు రాలేదు. అకర్మాన్ మంచివాడు, అందుకని ఆయనే వచ్చి, "నా ఉచ్చారణమున లోపమున్నదా?" అని అడిగాడు. లోపం లేకపోవడమే లోపమని చెప్పడం రఫ్లాకు చేతకాలేదు.

శుక్రవారం ఊళ్ళో సంత. నాటకానికి గాడిద చెవులు కుట్టడానికి బూడిదరంగు గుడ్డ కొందామని వెళ్ళింది రఫ్లా. పుచ్చకాయల బండి దగ్గర అక్లీ నిలబడి ఉన్నాడు. కొనడం లేదు, ఊరికే చూస్తున్నాడు.

"దార్ అల్ మౌజ్ ఎలా ఉంది బాబాయ్?"

"బాగుంది," అన్నాడు. ఒక కాయను వేలితో తట్టి, "పొద్దున లేచాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. కుర్చీలో పడుకోమంటారు. నిన్నంతా పడుకున్నాను. పక్క కుర్చీ ఆయనా పడుకున్నాడు. సాయంత్రం అయింది," అన్నాడు.

రఫ్లా ఏం చెయ్యాలా అని నిలబడింది. పంపించెయ్ అన్నది డైరెక్టరు. పంపించేసింది. మళ్ళీ పిలవొద్దని ఎవరూ అనలేదు. నాటకానికి ఊళ్ళోవాళ్ళను ఎవరినైనా పిలవొచ్చు, అది ఏటా ఉన్నదే.

"సాయంత్రం నాటకానికి రండి బాబాయ్. అతిథిగా రండి."

"వస్తే మీ డైరెక్టరు కోప్పడడూ?"

"ఏమో. నాకు తెలియదు," అంది రఫ్లా నిజాయితీగా.

ఆయన వచ్చాడు. మెడ దాకా గుండీలు పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. తెర లేచి, గాడిద చెవులతో బొగ్నా నాలుగు కాళ్ళ మీద వచ్చి, జనంలో ఆయన్ని చూసింది. ఆగిపోయింది. అకర్మాన్ తన మాటలు అప్పజెప్పబోయి, బొగ్నా చూస్తున్న వైపు చూశాడు. ఒక క్షణం ఆలోచించి, తల మీది తలపాగా తీసి వేదిక అంచుకొచ్చాడు.

"ఈ గాడిద నాది కాదు. దీని అసలు యజమాని అచట కూర్చున్నాడు," అన్నాడు.

మొదటి తరగతివాళ్ళు నేల తన్నుతూ అక్లీ, అక్లీ అని పిలిచారు. రఫ్లా సీ లమ్జద్ వైపు చూసింది. ఆయన ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. అక్లీ లేచి, బిడియంగా నడిచి వేదికెక్కి, తలపాగా పెట్టించుకుని, గాడిద మెడ మీద చెయ్యేశాడు.

"ఈమె... ఈమె నా భార్య," అన్నాడు.

ఊళ్ళోవాళ్ళ నవ్వుకు ప్రహరీ మీది పిల్లులు లేచి పారిపోయాయి. సీ లమ్జద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దిగేటప్పుడు ఆయన అక్లీ దారికి అడ్డం నిలిచి, చెయ్యి కలిపి, "తమ ఉచ్చారణము దారుణముగా నున్నది," అన్నాడు. అంతే అన్నాడు. అది కోపమో అభిమానమో రఫ్లా ఆ తరువాత నౌఫల్‌ను అడిగింది, ఖాల్తీ జొహ్రాను అడిగింది. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు.

శనివారం బస్సు ఎక్కేవాళ్ళను సాగనంపడానికి అక్లీ కూడా వచ్చాడు. బొగ్నా ఏడ్చింది, ఆయన ఆమె తల నిమిరి కబైల్ భాషలో ఏదో అన్నాడు. బస్సు మలుపు తిరిగాక రఫ్లా, అక్లీ గేటు మెట్టు మీద కూర్చున్నారు.

"మీరెప్పుడు వెళతారు బాబాయ్?"

"రేపు. ఇంటికెళ్ళాక మా ఆవిడ అడుగుతుంది, సెలవుల్లో ఏం చేశావని. బడికెళ్ళానంటాను. అబద్ధం అంటుంది." రఫ్లా వైపు తిరిగాడు. "ఒక మాట అడగనా తల్లీ? ఇన్నాళ్ళూ చూశాను గానీ నాకు తెలియలేదు. ఇక్కడ నీ పని ఏమిటి? పాఠం చెప్పవు, వంట చెయ్యవు. పొద్దుట్నుంచి రాత్రి దాకా పరిగెడుతూనే ఉంటావు."

రఫ్లా చెబుదామని నోరు తెరిచింది. ఆటలాడించడం అందామనుకుంది, అది సరిపోదనిపించింది.

"నాకూ తెలియడం లేదు బాబాయ్," అంది.

"అయినా సరే, బాగా చేస్తున్నావు," అన్నాడు అక్లీ.