గొట్టం లోపలి కొలత

పొద్దున్నే లేవగానే డ్రైవరు ముందు మొహం కడుక్కోడు. వీధిలోకి వచ్చి లారీ పక్కన నిలబడి, ఇంజనుకి గాలి వడగట్టే ఎయిర్ క్లీనరు డబ్బా కింద వేలాడే రబ్బరు మూతిని రెండు వేళ్లతో నొక్కుతాడు. నిన్నటి దుమ్మంతా జలజలా రాలుతుంది. అప్పుడు ఇల్లదిరేలా ఒక్క తుమ్ము తుమ్మి, లోపలికొచ్చి టీ అడుగుతాడు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. ఆ తుమ్ము వినపడితే గానీ అతని భార్య కుట్టు మిషను మీది గుడ్డ తీసేది కాదు.

లారీ పీల్చే గాలే అతనూ పీల్చేవాడు. ఫిల్టరు మూసుకుపోతే ఇతని ముక్కు దిబ్బడ వేసేది. కొత్తది వేయిస్తే పడుచువాడిలా ఈల వేసేవాడు. మంచం మీద కూడా కాళ్లు ఒకచోట ఉండేవి కావు, నిద్రలో క్లచ్ తొక్కుతూనే ఉండేవి. ఇరుగుపొరుగు వాళ్లు అతని దగ్గు విని "ఇవాళ బండి బాగాలేనట్టుంది" అనుకునేవారు, అంతే.

రెండు నెలలుగా ఆ తుమ్ము లేదు. నాలుగు మెట్లు ఎక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోతున్నాడు. భార్య పోరు పడలేక ఆస్పత్రికి వెళ్తే, డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి శ్రద్ధగా విని, "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఎయిర్ క్లీనరు చూపించారా?" అంది. ఫిల్టరు మార్చారు. గుణం కనపడలేదు. పెదాలు రోజురోజుకీ నల్లబడుతున్నాయి.

ఒక ఉదయం ఇక ఆవిడ ఊరుకోలేదు. "మీరు రాకపోతే నేనే బండిని తోసుకుంటూ తీసుకెళ్తా" అని పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. లారీ పాకుతూ పాకుతూ మేస్త్రి షెడ్డుకి చేరింది. డ్రైవరు ఇంజను ఆపకుండానే దిగి, ఒక పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఏం బావగారూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా?" అన్నాడు మేస్త్రి. ఆవిడ మెకానిక్కులందర్నీ అన్నయ్యా అని పిలవడం వల్ల మొగుడికి బావమరుదులకి కొదవలేదు.

మేస్త్రి డబ్బా తట్టాడు, క్లిప్పులు తిప్పి చూశాడు. "అన్నీ బిగుతుగానే ఉన్నాయే!"

"నేను చెప్పలేదూ? వాతావరణం మారింది, అంతే" అన్నాడు డ్రైవరు, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ.

ఆవిడ షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతోంది. కనపడిన స్పానరల్లా ఎత్తుతోంది, పెడుతోంది.

"చెల్లెమ్మా, కాసేపు ఒకచోట నిలబడు. నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"నిలబడితే ప్రాణం కొట్టుకుంటోంది అన్నయ్యా. నువ్వు చూడు."

మేస్త్రి వంగి ఇంజను దగ్గరే యాక్సిలరేటరు తీగ లాగాడు. ఇంజను రంకె వేసింది. ఎయిర్ క్లీనరు నుంచి, ఇంజనులోకి గాలి తోసే టర్బోకి వెళ్లే నల్ల గొట్టం అప్పటిదాకా బుద్ధిగా గుండ్రంగా ఉన్నదల్లా, మధ్యలో పీక్కుపోయిన బుగ్గలా లోపలికి అతుక్కుపోయింది. అదే క్షణంలో డ్రైవరు గొంతు పట్టుకుని టైరు మీద నుంచి పక్కకి ఒరిగాడు.

"ఆపు! అన్నయ్యా, ఆపేయ్!"

ఇంజను ఆగింది. గొట్టం ఏమీ ఎరగనట్టు మళ్లీ గుండ్రంగా అయింది. ఆవిడ మొగుడి తల ఒళ్లో పెట్టుకుని వీపు రాస్తోంది. మేస్త్రి గొట్టాన్ని తడిమి చూశాడు.

"ఇది రేడియేటరు గొట్టం కదూ? నీళ్లు పోయే గొట్టం గాలి లాగడానికి పనికొస్తుందా? దీని లోపల తీగ చుట్టు ఉండదు, లాగితే మూసుకుపోతుంది. ఎవడు పెట్టాడిది?"

డ్రైవరు కళ్లు మూసుకున్నాడు. "కొండెక్కుతుంటే పాతది చిరిగింది. వెనక లోడు. చేతిలో ఇదే ఉంది. బిగిస్తే సరిపోయింది... తర్వాత మారుద్దాంలే అని."

"రెండు నెలలా?" అంది ఆవిడ. "ఆస్పత్రి బల్ల మీద పక్కన కూర్చుని కూడా చెప్పలేదే!"

"నువ్వు తిడతావని."

ఆవిడకి కోపమూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చి, ఏదీ సరిగ్గా బయటికి రాలేదు.

గొట్టం విప్పేశాక అతని ఊపిరి ఇంకా పలచబడింది. మేస్త్రి బండి కాగితాలు చూసి మోడలు రాసిచ్చాడు. ఆవిడ పక్క వీధిలో స్పేర్ పార్టుల కొట్టుకి పరుగున వెళ్లి గొట్టం తెచ్చింది. ఒక కొస పట్టింది, టర్బో వైపు కొస ఎక్కనే లేదు. మేస్త్రి గబగబా ఇంజను పక్కన గ్రీజు గీకి నంబరు చదివి, నెత్తి కొట్టుకున్నాడు.

"నా మతి మండ! బండి ఒక మోడలు, ఇంజను ఇంకో మోడలు. ఆరేళ్ల కిందట నేనే మార్చాను."

ఈసారి ఆవిడ కాగితాన్ని నమ్మలేదు. నంబరు నోట్లో వల్లించుకుంటూ, మెడలో ఎప్పుడూ వేలాడే కుట్టు టేపు తీసి టర్బో మూతి చుట్టూ కొలిచింది, డబ్బా మూతి చుట్టూ కొలిచింది, రెండింటికీ మధ్య వంపు మీదుగా ఎంత పొడుగు కావాలో కొలిచింది.

కొట్టులో ముసలాయన నంబరు విని నవ్వాడు. "ఆ ఇంజను చేయడం మానేసేనాటికి నాకు ముప్ఫై రెండు పళ్లూ ఉన్నాయమ్మా."

"ఉందో లేదో చెప్పండి బాబాయిగారూ! అక్కడ మనిషి దక్కేలా లేడు."

"నువ్వు చెప్పేది లోపలి కొలతా, బయటి కొలతా?"

"నేను మెడ కొలిచాను. కాలరు మీరివ్వండి."

ముసలాయన నిచ్చెనెక్కి, అటక మీద నుంచి దుమ్ముకొట్టుకున్న గొట్టం ఒకటి దించాడు. లోపల తీగ చుట్టు కనపడుతోంది. ఆవిడ రెండు చేతులా బలం కొద్దీ నొక్కింది. నొక్కుకుపోలేదు. క్లిప్పులు కూడా తీసుకుని పరిగెత్తింది.

ఈసారి రెండు కొసలూ చొక్కా తొడిగినట్టు ఎక్కాయి. మేస్త్రి క్లిప్పులు బిగించి, చేతులు తుడుచుకుని, తాళం తీసి డ్రైవరు చేతిలో పెట్టి దూరంగా జరిగాడు. గాలి దారి విప్పి కట్టిన బండికి మొదట ఎవరు తాళం తిప్పితే ఆ బండి ఊపిరి ఇక వాళ్లదే. అందుకే అతను ఎవరి బండికీ తాళం తిప్పడు. తిప్పి ఉంటే ఈపాటికి పాతిక లారీలు అతని గుండెల్లో చేరేవి.

డ్రైవరు లేచి కాలు మెట్టు మీద పెట్టాడు. పైకి లేవలేకపోయాడు. మళ్లీ ప్రయత్నించి తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాడు.

"ఒక చెయ్యి వెయ్యి చెల్లెమ్మా, ఎత్తి కూర్చోబెడదాం" అన్నాడు మేస్త్రి.

ఆవిడ చెయ్యి వేయలేదు. మొగుడి గుప్పిట్లోంచి తాళం తీసుకుని, అతన్ని పక్కకి జరిపి, తనే ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంది.

"దిగు" అన్నాడు డ్రైవరు. "నీకు తెలీదు. ఆ ఊపిరి కుదురుగా ఉండనివ్వదు."

"ఉన్న కుదురు ఏడ్చినట్టే ఉందిలెండి."

"నడపడం రాదు నీకు!"

"నేర్పుదురు గాని. మీకిస్తే మళ్లీ ఎక్కడో చిరుగుతుంది, మళ్లీ దాస్తారు. నాకైతే దాచడం చేతకాదు. వీధి వీధంతా వినేలా అరుస్తాను."

తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. కొత్త రబ్బరు వాసనతో చల్లటి గాలి ఆవిడ గుండె నిండా దూసుకొచ్చింది. ఎంత లోపలికి తీసుకున్నా ఇంకా పడుతోంది. భయమేసింది. దిగిపోదామని కూడా అనిపించింది. రేపటికి ఇవ్వాల్సిన చొక్కాలు నాలుగు ఇంట్లో మిషను మీద ఉన్నాయని గుర్తొచ్చింది. వాటి ముందు ఇక కూర్చోలేనని తెలిసిపోయింది.

కింద డ్రైవరు నిటారుగా నిలబడ్డాడు. మేస్త్రి తీగ లాగి ఇంజనుని అరిపించినా అతని ఊపిరి తన పాటికి తాను నిదానంగా వచ్చి పోతోంది. పెదాలకి రంగు తిరిగింది.

"ఎలా ఉంది?" అని పైనుంచి అరిచింది ఆవిడ.

"ఖాళీగా ఉంది" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత బండి ముందు నుంచి చుట్టి వచ్చి, ఎక్కడా ఆగకుండా మెట్లెక్కి పక్క సీట్లో కూర్చున్నాడు. "నీకు?"

"ఎక్కడికైనా పోవాలనుంది."

"ఎక్కడికి?"

"ఏమో. ముందు ఈ గేటు దాటించండి."

డ్రైవరు వంగి ఆవిడ కాళ్ల వంక చూశాడు. "ఎడమ కాలి కింద ఉన్నది క్లచ్" అన్నాడు.

ఆవిడ తొక్కింది.