ఎక్స్‌ఎంఎల్‌లోకి ఎక్కని మంద

ఆగండి, ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది వినండి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

2005 ఎండాకాలం. హైదరాబాద్‌లో ఎంసీఏ అయిపోగానే అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. కరువు ఊళ్ళకి నీళ్ళ ట్యాంకర్లు పంపడం మా పని. ఏ ఊరికి ఎన్ని ట్యాంకర్లో లెక్కకట్టే ప్రోగ్రాం అనంతపురంలో ఉంది. ఊరి వివరాలు ఎక్కించే ప్రోగ్రాం బెళుగుప్పలో, అది నాది. రెంటి మధ్యా వెబ్ సర్వీస్ పెట్టింది నేనే! నా ప్రోగ్రాం వివరాలన్నీ ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో రాసి నెట్ మీద పంపుతుంది, అవతలిది చదువుకుంటుంది. అలా రాయడాన్ని సీరియలైజేషన్ అంటారు, రాసే భాగం సీరియలైజర్. అదంటే అప్పట్లో నాకు పిచ్చి.

బెళుగుప్ప దగ్గర ఒక చిన్న ఊరికి వెళ్ళాను. అరవైనాలుగు ఇళ్ళు. ఇంటింటికీ మనుషులెందరు, గొర్రెలెన్ని అని నా ఫారంలో గళ్ళు. ఊరి మంద కాసే ఈరన్న అది చూసి నవ్వాడు.

"ఏ ఇంటికి ఎన్నని రాసి ఏం లాభం సారూ? ఊరందరివీ కలిపి ఒకటే మంద, ఒకటే తొట్టి. నీ కాగితంలో దాన్ని అరవైనాలుగు ముక్కలు చేస్తావా?"

"పోనీ మొత్తం ఎన్ని?"

"నాలుగు నూర్ల పన్నెండు. నిన్న పుట్టిన పిల్లతో కలిపి."

పక్కనే ట్యాంకర్ డ్రైవర్ ఓబులేష్ బీడీ వెలిగిస్తూ అన్నాడు. "రాసుకో సారూ. ఈయప్ప పెండ్లాం పేరన్నా మరుస్తాడు గానీ గొర్రె లెక్క మరవడు."

"నీ బండికన్నా నా గొర్రెలే నయం లేప్పా, ఎవురూ తొయ్యకుండానే నడుస్తాయి" అన్నాడు ఈరన్న.

ఏటా ఉగాది దాటగానే ఈరన్న మందను బళ్ళారి పక్క కాలువల కిందికి తోలుకుపోతాడు. ఐదారు రోజుల నడక. అప్పటికే మూట కట్టుకుని ఉన్నాడు.

"పోవద్దన్నా, మందకీ నీళ్ళొస్తాయి" అన్నాను.

"మేత వాముల్లో ఉండాది, నీళ్ళొస్తే చాలు. రాకపోతే? ఊరంతా నన్ను నమ్మి వదిలినారు సారూ."

"నేను చెప్తున్నా కదన్నా!"

ఆగిపోయాడు.

ఆఫీసుకొచ్చి ఇళ్ళ జాబితాకి ఒక క్లాస్, అంటే వివరాలు పెట్టే అచ్చు లాంటిది, రాశాను. మంద అందరిదీ కాబట్టి ఆ జాబితాకే 'మంద' అని ఒక ప్రాపర్టీ, అంటే విడి గడి, తగిలించి 412 పెట్టాను. ఎంత ముచ్చటగా ఉందో! నా స్క్రీన్ మీద ఇళ్ళూ మందా రెండూ కనిపించాయి. బయటికి పోయే ఎక్స్‌ఎంఎల్‌ని మాత్రం తెరిచి చూడలేదు.

మనం ఇచ్చింది జాబితా అయితే సీరియలైజర్ దాని లోపలివి మాత్రమే రాస్తుంది. జాబితాకి విడిగా తగిలించినవి వదిలేస్తుంది, వదిలేశానని చెప్పదు కూడా. అరవైనాలుగు ఇళ్ళూ అనంతపురం చేరాయి. మంద చేరలేదు. రాని అంకెను అక్కడి ప్రోగ్రాం సున్నా అనుకుంది.

నేను రాయదుర్గంలో ఇదే ప్రోగ్రాం ఎక్కిస్తూ గొప్పలు పోతున్నాను. అక్కడి ఊళ్ళల్లో గొర్రెలు ఇంటింటి లెక్కే, ఏ ఇబ్బందీ రాలేదు. ఎనిమిదో రోజు ఓబులేష్ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు.

"సారూ, ఈడ గొర్రెలు పడిపోతాండాయి. నాకిచ్చిన చీటీలో మందకు సున్నా అని ఉండాది. ఎవురు రాసినారప్పా ఇది?"

పరుగున వచ్చి ఎక్స్‌ఎంఎల్ తెరిచాను. ఊరికి మామూలు క్లాస్ ఒకటి రాసి, ఇళ్ళ జాబితానీ మంద లెక్కనీ అందులో పక్కపక్కన పెట్టాను. పది నిమిషాల పని. మర్నాడే మందకోసం రెండో ట్యాంకర్ వెళ్ళింది. అప్పటికి నూట డెబ్భై గొర్రెలు పోయాయి. ఆడవాళ్ళు తమ వంతులోంచి తలా ఒక బిందె తొట్టిలో పోశారట. చాలలేదు. ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి అని ఈరన్న చూస్తుండగానే మంద నడవలేని స్థితికి వచ్చేసింది.

దొడ్డి దగ్గర ఊరంతా కూడింది. నేనూ వెళ్ళాను. నల్లమ్మ అనే ముసలావిడ ఈరన్నను నిలదీసింది.

"మా ఎనిమిదీ పోయినాయి. ఏటా పోయేటోడివి, ఈసారి ఏం రోగమొచ్చిందని ఈడ కూర్చుంటివి?"

ఈరన్న నా వైపు చూశాడు. నేను చెప్పేస్తానేమో అని నాకే అనిపించింది.

"సారు ఆఫీసోళ్ళ తప్పేం లేదు" అన్నాడు ఆయన. "నేనే లెక్క సరిగ్గా చెప్పలేదేమో. చదువు రానోణ్ణి, కంప్యూటర్‌కు ఎట్ల చెప్పల్లో తెలీకపాయె."

ఊరు ఆ మాటే నమ్మింది, నేను నమ్మనిచ్చాను. మందను ఆ ఊళ్ళోనే ఉన్న వెంకటరాముడికి అప్పగించారు.

మూడేళ్ళయింది. ఈరన్న రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకి దారాలు కత్తిరిస్తున్నాడు. నిన్న ఫోన్ చేశాడు, గొంతులో ఎంత సంతోషమో!

"సారూ, వెంకటరాముడికి చాతకావడం లేదంట. మంద మళ్ళా నాకే ఇస్తామంటాండారు. అందరి ముందర తప్పు నాదేనని ఒప్పుకోవల్లంట, అంతే. ఆదివారం నువ్వూ రా సారూ, పక్కన నువ్వుంటే నాకు ధైర్యం."

వస్తానన్నాను. నిజం చెప్తే ఉద్యోగం పోవచ్చు, అది సరే. కానీ ఆయన నన్ను ఇక సారూ అని పిలుస్తాడా? చెప్పకపోతే, ఆయన నా తప్పు ఒప్పుకుంటుంటే నేను పక్కనే నిలబడాలి.

రేపే ఆదివారం. మీరైతే ఏం చేస్తారు?