ఊపిరి మీద ధ్యాస

ఎడమ ముక్కు మూసి కుడి ముక్కుతో మెల్లగా గాలి వదులుతుండగా వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది.

"ఏమండీ, పదింటికి ఆస్పత్రికి రమ్మన్నారు. గడ్డ పరీక్ష రిపోర్టు ఇస్తారట. మీరూ వస్తారుగా?"

అతను కళ్ళు తెరవలేదు. ఆగమన్నట్టు ఎడమచెయ్యి కొంచెం పైకెత్తాడు. మంచానికీ బీరువాకీ మధ్య చాప పట్టేంత చోటులో పందొమ్మిదేళ్ళుగా రోజూ తెల్లవారుతుండగా అలాగే కూర్చుంటున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. నడుము నిటారుగా ఉంటుంది, పొట్ట లేదు, చీలమండల మీద చర్మం మాత్రం కాయకాచి నల్లబడింది. ఆ ముప్పావుగంటలో లోపల చిన్న దీపమేదో నిలకడగా వెలుగుతుందని అతని నమ్మకం. ఆఫీసు, బస్సు, జనం దాన్ని ఆర్పేయకుండా కాచుకోవడమే యోగమనుకున్నాడు.

లేచేసరికి ఆలస్యమైంది. "పర్మిషన్ అడిగి వచ్చేస్తాలే" అంటూ బస్సుకి పరిగెత్తాడు.

నీటి సరఫరా ఆఫీసులో అతనిది ఫిర్యాదుల కిటికీ. అంతకుముందు అక్కడ కూర్చున్న ఇద్దరూ జనంతో గొడవలుపడి బదిలీ చేయించుకున్నారు. కోపం రాని మనిషని ఇతన్ని కూర్చోబెట్టి పదకొండేళ్ళయింది. తోటివాళ్ళు శాంతమూర్తి అని పేరు పెట్టారు. మొదట్లో ఆ పేరుకి లోలోపల మురిసిపోయేవాడు.

ఆ ఉదయం ఒకావిడ ఖాళీ బకెట్ తెచ్చి కిటికీ చెక్క మీద దబ్బున పెట్టింది.

"నాలుగు రోజులైంది కుళాయిలో చుక్క రాక! నీకేం, బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటావు! ఒక్కసారైనా మనిషిలా పలకవయ్యా!"

అతను ఊపిరి తీసి, వదిలి, చీటీ రాసిచ్చాడు.

తొమ్మిదిన్నరకి ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. నోరు తెరిచేలోపే ఆయన, "పక్క కిటికీ అతను రాలేదయ్యా. అదీ నువ్వే చూడు. ఇంకెవరికి చెప్పినా పెద్ద రభస. నువ్వైతే సర్దుకుపోతావు" అన్నాడు.

"అది కాదు సార్, మా ఆవిడకి ఆస్పత్రిలో..."

"సాయంత్రం వెళ్దువుగాన్లే."

కోపం ఎగదన్నింది. అలవాటుగా ఊపిరి బిగబట్టాడు. అది దిగిపోయింది. "సరే సార్" అన్నాడు. పది, పదకొండు, పన్నెండు... అన్నీ ఆ రెండు కిటికీల మధ్యే గడిచిపోయాయి. రెండుసార్లు ఫోన్ మోగింది. క్యూ చూసి తీయలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపుకి తాళం. పక్కింటావిడ మొహం చూడకుండా తాళంచెవి చేతిలో పెట్టింది. భార్యకి ఫోన్ చేశాడు.

"ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను" అందామె. "గడ్డ మంచిది కాదట. ఆపరేషన్ చెయ్యాలన్నారు. అక్కవాళ్ళింటికి వచ్చేశాను, ఇక్కడే చేయించుకుంటా."

"ఇప్పుడే బయల్దేరి..."

"వద్దండీ. నేనేడిస్తే అక్క కూడా ఏడుస్తుంది. నాకిప్పుడు అదే కావాలి. మీరైతే కళ్ళు మూసుకుని కూర్చుంటారు." "ఆపరేషనయ్యాక కూడా ఇక రాను. కోపంతో అనట్లేదు. మీ దగ్గరుండి కోపం కూడా మర్చిపోయాను" అంది.

కేక వెయ్యాలనిపించింది అతనికి. నోరు తెరిస్తే ఊపిరే వచ్చింది, కేక రాలేదు. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఏమేం తీసుకెళ్ళిందో చూద్దామని బీరువా తెరిచాడు. ఆమె బట్టల అర ఖాళీ. అర మూలన, చుట్టచుట్టిన కొత్త యోగా చాప ఒకటి ఉంది. ఎన్నేళ్ళ కిందటో, "నేనూ మీ పక్కన కూర్చోనా?" అని ఆమె అడిగితే, ధ్యాస చెదురుతుందన్నాడు. చాప మీది ప్లాస్టిక్ కవరు పసుపుపచ్చబారి పెళుసెక్కింది. దుకాణంలో వేసిన ముడి ఇంకా విప్పలేదు.