గోల్‌కీపర్ వదిలిన గోల్

కౌశిక్‌కి తన పాలిటెక్నిక్ ఫుట్‌బాల్ టీమ్ అంటే పరమ చులకన. గోల్‌కీపర్ కాబట్టి మ్యాచ్ అంతా వాళ్ల వీపులు చూస్తూ నిలబడాలి. లెఫ్ట్ బ్యాక్ ఫైజల్ పరిగెత్తితే బియ్యం బస్తా మోస్తున్నట్టుండేది. మధ్యలో ఆడేవాళ్లు బంతి దగ్గరికొస్తే పక్కకి తప్పుకునేవాళ్లు. ఇక కెప్టెన్ జనార్దన్ సంగతి చెప్పక్కర్లేదు.

అది రెండువేల సంవత్సరం. సింగపూర్‌లో ఏ ఇద్దరు కలిసినా డాట్‌కామ్ కంపెనీల మాటే. జనార్దన్ కూడా ఒక కంపెనీ పెట్టాడు. కంపెనీ అంటే అతనూ, అతని మొబైల్ ఫోనూ, ఆంగ్ మో కియో పేటలో వాళ్ల ఫ్లాట్‌లో ఓ మూలనున్న కంప్యూటరూ. వార్మప్ చేస్తూ ఫోన్ మాట్లాడేవాడు. హాఫ్ టైమ్‌లో నారింజ తొనలు చప్పరిస్తూ ఇన్వెస్టర్ల గురించి చెప్పేవాడు. టీమ్ వరసగా ఓడిపోతున్నా అతని నవ్వు మాత్రం చెక్కు చెదిరేది కాదు.

కౌశిక్ నాన్న వెంకటేశ్వర రావు బ్యాంకులో కంప్యూటర్ సిస్టమ్స్ చూసేవాడు. ఆయనకి జనార్దన్ అంటే మహా మోజు.

"ఆ అబ్బాయిని చూడరా. ఈ వయసుకే సొంత కంపెనీ."

"వాడికి బంతి తిన్నగా పాస్ చేయడం రాదు డాడీ."

"కంపెనీకి అదెందుకు?"

గోల్ పడ్డప్పుడల్లా కౌశిక్ నడుం మీద చేతులు పెట్టుకుని తన డిఫెండర్లని ఎగాదిగా చూసేవాడు. తిట్టేవాడు కాదు. తిట్టడానికి కూడా తగరని అతని ఉద్దేశం. "వెనకనుంచి అంతా కనిపించేది నీకే, అరిచి చెప్పు," అని కోచ్ ఎన్నిసార్లు మొత్తుకున్నా భుజాలు ఎగరేసి ఊరుకునేవాడు.

ఆఖరి మ్యాచ్‌కి తొమ్మిది మందే వచ్చారు. జనార్దన్ స్ట్రైకర్‌ని కూడా వెంటేసుకుని ఎవరో ఇన్వెస్టర్‌ని కలవడానికి వెళ్లాడు. ఆ తొమ్మిది మందే ఆడారు. విచిత్రంగా బాగా ఆడారు. ఫైజల్ కాళ్లు పీకుతున్నా అడ్డుపడుతూనే ఉన్నాడు. చివరి ఇరవై నిమిషాలకి వచ్చేసరికి ఒక్క గోల్ కూడా పడలేదు. డ్రా అయి ఒక్క పాయింటైనా దక్కేలా ఉంది.

అప్పుడు టాక్సీ ఆగింది. జనార్దన్ ఒక్కడే టై విప్పుకుంటూ దిగాడు. కోచ్ జెర్సీ ఇచ్చి లోపలికి పంపాడు. ఎంతైనా పదో మనిషి.

కాసేపటికే తమ గోల్ ముందు ఎగిరొచ్చిన బంతికి జనార్దన్ చెయ్యి అడ్డం పెట్టాడు. పెనాల్టీ.

కౌశిక్ కుడివైపుకి దూకాడు. బంతి వేళ్లకి తగిలి పోస్టు పక్కనుంచి బయటికి పోయింది. కార్నర్ కిక్. జనార్దన్ పరిగెత్తుకొచ్చి వాటేసుకున్నాడు. కౌశిక్ అతని చెయ్యి విదిలించాడు.

"ముట్టుకోకు. నీ వల్లే కదా పెనాల్టీ."

"నా వల్లే కదా నువ్వు హీరో అయ్యావ్," అని నవ్వుతూ వెనక్కి నడిచాడు జనార్దన్.

ఆ నవ్వుకి కౌశిక్ ఒళ్లు మండింది. సీజన్ మొత్తం దిగమింగుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. పోస్టు వదిలి అతని వెంటపడ్డాడు.

"నీకసలు సిగ్గుందా? నువ్వు రాకపోయుంటే..."

"కౌశిక్, బాల్ చూడు," అని అరిచాడు ఫైజల్.

కౌశిక్ తిరిగి చూసేసరికి కార్నర్ కొట్టేశారు. ఖాళీ గోల్‌లోకి బంతిని ఎవరో తలతో తోసేశారు. కాసేపటికే ఆట ముగిసింది, ఆ ఒక్క గోల్‌తోనే ఓడిపోయారు.

బట్టలు మార్చుకుంటున్నప్పుడు ఫైజల్ కౌశిక్‌ని పాచిపోయిన అన్నాన్ని చూసినట్టు ఒక్కసారి చూసి, బూట్లు విప్పుకున్నాడు. ఇన్నాళ్లూ తాను వాళ్లని చూసిన చూపు ఎలా ఉంటుందో కౌశిక్‌కి అప్పుడు తెలిసింది.

అందరూ తినడానికి హాకర్ సెంటర్‌లోని టిఫిన్ కొట్ల దగ్గరికి వెళ్లారు. కౌశిక్ పరోటా ప్లేటుతో వచ్చేసరికి జనార్దన్ చెయ్యి తిప్పుతూ ఇన్వెస్టర్ మొహం ఎలా మాడిందో చెబుతున్నాడు. ఆ ఇన్వెస్టర్ పది నిమిషాల్లోనే వీళ్లని సాగనంపాడట. స్ట్రైకర్ అలిగి ఇంటికెళ్లిపోయాడట. టేబుల్ చుట్టూ ఒకటే నవ్వులు. పొద్దుటినుంచీ పరుగెత్తి చచ్చినవాళ్లే, మ్యాచ్ ఎగ్గొట్టినవాడి మాటలకి పడీపడీ నవ్వుతున్నారు. వాళ్లకసలు పౌరుషం లేదనుకున్నాడు కౌశిక్. అనుకున్నాడే గానీ ఆ మాటలో ఇదివరకటి బలం లేదు.

ఎవరూ జరిగి చోటివ్వలేదు. పక్క టేబుల్ దగ్గర కూర్చుని తిన్నాడు. తిని, వాళ్లకి చెప్పకుండానే ట్రైన్ ఎక్కాడు.

మరుసటి సీజన్‌కి అతను పేరివ్వలేదు. ఎందుకివ్వలేదని ఎవరూ అడగలేదు.