పది సెకన్ల నిశ్శబ్దం

ముప్ఫై ఏడో దగ్గు కోసేసరికి ఆమెకు మెడ పట్టేసింది. పొద్దుటి నుంచి స్టూడియో కంప్యూటరు తెర మీద ఒకటే గొంతు. అక్కడ అది గీతలుగా కనిపిస్తుంది. మాటలు చిన్న చిన్న దిబ్బలు, దగ్గులు నిటారుగా లేచిన కొండలు. వినక్కర్లేదు. కొండ కనిపించిన చోటల్లా కోసేస్తే చాలు. వినకుండా పని చెయ్యగలగడం తన నేర్పు అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ.

ఆ గొంతు గల మనిషి ఆమె వెనకే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. రాళ్ళు పొడికొట్టే మిల్లులో పంతొమ్మిదేళ్ళ నుంచి కూలీ. మిల్లులో దుమ్ము లేదని చెప్పే ఫిల్ము రేపు తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించాలి. అందులో దుమ్ము లెక్క చెప్పే నీలం రంగు అంకెలు తిరుగుతూ వచ్చి నిలబడతాయి, ఒక్కో అంకెకు ఒక చిన్న గంట మోగుతుంది, ఆ తర్వాత ఈయన మాట్లాడతాడు. మాట్లాడితే పొడికొట్టే గది నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెడతామన్నారు మిల్లువాళ్ళు. దుమ్ములోంచి బయటపడాలంటే దుమ్ము లేదని చెప్పాలి.

"నా గొంతు బానే పలికిందా అమ్మాయ్?"

"గొంతుకేం బాబాయ్, ఖంగుమంటోంది."

"ఒకప్పుడు ఈ గట్టున కేకేస్తే ఆ గట్టున గొడ్లు తలెత్తి చూసేవి. ఇప్పుడు మా ఇంటి కుక్క కూడా లెక్కచెయ్యదు." నవ్వబోయి దగ్గాడు. "ఇదిగో, ఇంకోటి. ఇది కూడా నీ ఖాతాలో వేసుకో."

ఆమె కోసినదంతా ఒకసారి వేసి విన్నది. కోసిన చోట్లన్నీ గోతుల్లా వినిపిస్తున్నాయి. వాటిని పూడ్చాలంటే మాటల వెనక ఉండే గది నిశ్శబ్దం పది సెకన్లు కావాలి, అదే అతుకు. మామూలుగా మాటకీ మాటకీ మధ్య అది దొరుకుతుంది. ముప్పావు గంట రికార్డింగు మొత్తం వెతికింది. ఆయన ఊరుకున్న చోటల్లా ఛాతీలో సన్నగా పిల్లికూతలు.

స్టూడియో యజమాని తలుపు తీశాడు. "ఇంకా అవలేదా? నాలుగింటికి మిల్లు మనిషి వచ్చేస్తాడు."

"ఖాళీ దొరకట్లేదు సార్. ఈయన ఊరుకున్నా ఛాతీ ఊరుకోవట్లేదు."

"దానికింత ఆలోచనా? మైకు పెట్టి ఈ గదిలోనే పది సెకన్లు పట్టు. పెద్దాయన్ని కిందికి పంపు."

"మూడంతస్తులు దిగి మళ్ళీ ఎక్కలేను బాబూ," అన్నాడు ఆయన, తప్పు చేసినవాడిలా. "ఇక్కడే ఊపిరి బిగపడతా. పదే కదా?"

"శభాష్!" అనేసి యజమాని వెళ్ళిపోయాడు.

ఆమె ఫ్యాను ఆపింది. మైకు తిప్పింది. ఆయన గుండెల నిండా గాలి పీల్చి, ఎడమచేత్తో కుర్చీ పట్టుకుని, కుడిచేతి వేళ్ళు ముడుస్తూ లెక్క మొదలుపెట్టాడు. తెర మీద ఆకుపచ్చ గీత కిందికి జారి చదునైంది. అదే కావాలి ఈ ఫిల్ముకు. దానికోసం ఒక మనిషి ఊపిరి ఆగాలి. ఆమెకు తన వేళ్ళు పరాయివాళ్ళవిగా తోచాయి. పొద్దుటి నుంచి ముప్ఫై ఏడుసార్లు ఆ వేళ్ళు ఆమెను ఏమీ అడక్కుండానే కోశాయి.

ఆరు. ఏడు. ఆయన కణతల మీద నరాలు లేచాయి.

"చాలు బాబాయ్, వదిలెయ్!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండోసారి ఐదు వేళ్ళూ ముడిచాకే వదిలాడు. తర్వాత చాలాసేపు దగ్గాడు. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "సరిపోయిందా?" అన్నాడు.

"నేను రికార్డు బటన్ నొక్కలేదు."

"అయ్యో, మర్చిపోయావా? పర్లేదులే, మళ్ళీ పడతా."

"మర్చిపోలేదు బాబాయ్. నొక్కను."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే ఆమె తట్టుకునేది.

"నువ్వు కూర్చునే గదిలో దుమ్ము లేదమ్మా. అందుకే నొక్కనని అనగలవు."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కుర్చీని మైకు దగ్గరికి జరుపుకున్నాడు. నోరు తెరిచి గాలి పీల్చి, పెదాలు బిగించి, ఆమె చేతుల వైపే చూస్తూ మొదటి వేలు ముడిచాడు.