తలుపు పక్క చెక్కబిళ్ళ

చొక్కాలు కుట్టే షెడ్డులో ఆమె చేతిలోంచి కుట్టుమిషను పోయిన రోజు కడుపు రాయిలా బిగిసి ఉంది. మేస్త్రీ ఆ మిషను ముందు వేరొకరిని కూర్చోబెట్టి, ఆమెను సగం కూలికి దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి పంపాడు.

"నువ్వెళ్ళి మాటిమాటికీ దొడ్లో కూర్చుంటే చొక్కాలు వాటంతటవే కుట్టుకుంటాయా?" అన్నాడు.

అంతకు కొన్ని నెలల ముందు ఆసుపత్రిలో ఆమె పేగులో గడ్డ తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. ప్రాణం దక్కింది. కానీ ఆ అతుకు దగ్గరే పేగు సన్నబడుతూ వచ్చింది. ఆ షెడ్డులో మరుగుదొడ్డికి వెళ్ళాలంటే తలుపు పక్క మేకుకు వేలాడే చెక్కబిళ్ళ తీసుకోవాలి. దొడ్లు రెండున్నా బిళ్ళ ఒక్కటే. అందుకే ఆడవాళ్ళు పనిలో ఉన్నంతసేపూ నీళ్ళు ముట్టరు. ఆమె తిండే మానేసింది. తినకపోతే వెళ్ళే పనే ఉండదనుకుంది. ఆసుపత్రిలో అడిగితే "బాగానే ఉందండీ" అనేది.

వాంతులు పట్టుకున్నాక, అదే షెడ్డులో కుట్టే ఆడపడుచు ఆమెను ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ మత్తిచ్చి, కెమెరా ఉన్న సన్నటి గొట్టం కింది నుంచి పంపి, ఇరుకైన చోట చిన్న బుడగ ఊది పేగును వెడల్పు చేసింది. కోత అక్కర్లేకపోయింది.

"ఒక్కసారితో అయ్యేది కాదమ్మా, మళ్ళీ బిగుసుకుంటుంది. మంగళవారం రండి. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చొక్కాలతోపాటు నోరు కూడా కుట్టేసుకుందండీ మా వదిన," అంది ఆడపడుచు.

డాక్టరమ్మ నవ్వలేదు. "తినండి, నీళ్ళు తాగండి. వచ్చినప్పుడు ఆపుకోకండి."

మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు మధ్యాహ్నం, ఆమె అందరి ముందూ మెత్తగా వండుకొచ్చిన అన్నం తిని, చెంబెడు నీళ్ళు తాగింది. కాసేపటికి కడుపు కదిలింది. లేచి చూస్తే మేకు ఖాళీ. ఎవరో బిళ్ళ తీసుకెళ్ళారు.

"బిళ్ళ రానీ!" మేస్త్రీ అరిచాడు. "మంగళవారం సెలవు కూడా కావాలట మహారాణికి!"

ఆమె కాళ్ళు అలవాటుగా ఆగాయి. మిషన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి.

"నేను ఆగుతా మేస్త్రీగారూ, ఇది ఆగదు," అని ఖాళీ మేకును దాటుకుని వెళ్ళింది.

వెనక ఆడపడుచు తానూ తాగడానికి నీళ్ళకుండలో చెంబు ముంచిన చప్పుడైంది.

మిషను తిరిగి రాలేదు. పేగు ఇంకొంత తెరుచుకోవలసి ఉంది. మంగళవారం సెలవుకి మేస్త్రీ ఇంకా ఔననలేదు.