బావి పక్కన పది గుంటలు

జూబ్లీ హిల్స్‌లో పట్టాభిరామయ్యగారి కారు నడిపేవాడు లక్ష్మయ్య. పట్టాభిరామయ్య సినిమాలు పంపిణీ చేసే పెద్దమనిషి, పుట్టి పెరిగింది మాత్రం గోదావరి కాలువల మధ్య. ఎనభై ఎనిమిది జూన్‌లో ఆయన, తమ్ముడి పొలంలో పండిన విత్తన వడ్ల మూట తెప్పించి లక్ష్మయ్య చేతిలో పెట్టాడు.

“ఎకరానికి ముప్ఫై అయిదు బస్తాలు లక్ష్మయ్యా! ఇక ఆ పాత రకాలు మానెయ్యండి.”

లక్ష్మయ్య పొంగిపోయాడు. అతను యూసుఫ్‌గూడలో కిరాయి గదిలో ఉండేవాడు. జనగామ దగ్గర ఊళ్ళో, బావి కిందున్న ఎకరం వరి భార్య శకుంతలమ్మ చేతి మీద నడిచేది. ఆ శనివారమే మూట ఎత్తుకుని ఊరికి పోయాడు.

శకుంతలమ్మ గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి కొరికి చూసింది.

“ఎన్ని దినాల పంట?”

“నూట యాభై అన్నడు సార్.”

“గడ్డి ఎంతెత్తు వస్తది?”

“గడ్డి సంగతి సార్‌ను ఏమడుగుత?”

“బర్లకు నేనేం పెట్టాలె మరి?” అంది.

మర్నాడు పొద్దున్నే ఆ వడ్లు కాసిన్ని దంచి అన్నం వండేసింది. సార్ ఇచ్చిన విత్తనం పొయ్యి మీద ఉడుకుతుంటే లక్ష్మయ్య ప్రాణం చివుక్కుమంది. ఆమె మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి చెప్పింది.

“సన్నగ, మంచిగనే ఉంది. గని మన బాయి దీపావళి దాటితే అడుగంటుతది. దీనికి ఇంకో నెల తడి గావాలె. ఆడ కాలువుంది, ఈడేముంది? బాయి పక్కన పావెకరం, పది గుంటలు పెడత. తక్కిన ముప్ఫై గుంటలు మన రకమే.”

“సార్ అడిగితే?”

“ఉన్నది చెప్పు.”

చెప్పలేకపోయాడు. నాట్లు పడ్డాక ఒకరోజు జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర కారు ఆగినప్పుడు సార్ అడగనే అడిగాడు. “ఎకరమంతా నాటినం సార్” అనేశాడు లక్ష్మయ్య. ఆ తర్వాత పట్టాభిరామయ్య కారెక్కిన ప్రతివాళ్ళకీ ఆ పొలం గురించి చెప్పేవాడు. లక్ష్మయ్య రోడ్డు మీది చూపు తిప్పేవాడు కాదు.

అక్టోబరు చివర, పాత రకం కోతకొచ్చిన వేళ, నాలుగు రోజులు ఎడతెగని వాన పట్టింది. ఏపుగా పెరిగిన పైరు నీళ్ళలో పడి గింజలు మొలకెత్తాయి. కొత్తది ఇంకా పచ్చిగా, పొట్టిగా ఉండి నిలబడింది. పైగా బావి నిండింది. చివరికి పది గుంటలకు ఎనిమిది బస్తాలొస్తే, ముప్ఫై గుంటలకు ఏడే వచ్చాయి.

సంక్రాంతి పోయాక శకుంతలమ్మ కొత్త బియ్యం కొంత పట్టుకుని జూబ్లీ హిల్స్ వచ్చింది. పట్టాభిరామయ్య వరండాలోకి వచ్చి సంబరంగా అడిగాడు.

“ఎకరానికి ఎన్నయ్యాయమ్మా?”

“ఎకరం ఏడిది సారూ? పది గుంటలే పెట్టిన.”

ఆయన డ్రైవర్ వైపు తిరిగాడు. “భయమై అబద్ధం చెప్పిన సార్” అన్నాడు లక్ష్మయ్య.

పట్టాభిరామయ్య ముఖం ముడుచుకుంది. “అంతా వేసుంటే ముప్ఫై బస్తాలకు పైగా పండేవి కదమ్మా! చేజేతులా పోగొట్టుకున్నారు.”

“నిజమే సారూ. గని ఆ వాన వస్తదని నాటేనాడు నాకెవలు చెప్పిన్రు? రాకపోతే బాయి అడుగంటి, ఆ పైరంతా గింజ పట్టకముందే ఎండుతుండె. యాడాది తిండి మాకదే.”

ఆయన కుర్చీలో కూర్చుంటూ అన్నాడు, “మా నాన్న కూడా ఒక మడిలో వేరే రకం వేసేవాడు. చాదస్తం అనుకునేవాళ్ళం.” లక్ష్మయ్యను మాత్రం వారం రోజులు పలకరించలేదు.

మరుసటి ఏడు శకుంతలమ్మ ఇరవై గుంటల్లో కొత్త రకం పెట్టింది. ఈసారి వానలు ముందే వెనక్కి తగ్గాయి. బావి దీపావళికి ముందే అడుగంటింది. కొత్త పైరు సగానికి సగం తాలు పోయింది, పాతది గట్టెక్కించింది.

ఊరి నుంచి వచ్చిన పొద్దునే, సార్ అడగకముందే, కారు తలుపు తీస్తూ లక్ష్మయ్య ఆ సంగతంతా చెప్పేశాడు.

“అయ్యో! మరి వచ్చే ఏడు ఏం వేస్తారయ్యా?” అన్నాడు పట్టాభిరామయ్య.

“మా ఆమె ఇంకా సోచాయిస్తున్నది సార్, ఎటూ తేల్చలె. జూన్‌ల మబ్బు జూసి చెప్తనన్నది.”